ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ ల్యాప్‌టాప్‌లో కనిపించడం లేదా? ఏది ముందు చూడాలి, ఏది ముట్టుకోకూడదు

పెళ్లి వీడియోలు, పిల్లల చిన్నప్పటి ఫొటోలు, ఇంటి రిజిస్ట్రేషన్ కాగితాల స్కాన్‌లు. హైదరాబాద్‌లో చాలా ఇళ్లలో ఇవన్నీ బీరువాలో ఉండే ఒకే ఒక్క హార్డ్ డిస్కులో ఉంటాయి. అవసరం పడి తీసి ల్యాప్‌టాప్‌కి పెడితే ఏమీ రాదు. నన్ను సలహా అడిగేవాళ్లలో చాలామంది అప్పటికే కంగారులో రెండు మూడు బటన్లు నొక్కేసి ఉంటారు. డ్రైవులో ఉన్న లోపం చిన్నదే అయినా, ఆ నొక్కిన బటన్ వల్ల డేటా పోతుంది.

అందుకే వరుస ముఖ్యం. డ్రైవును బాగుచేయడం చివరి పని. అందులో ఉన్నదాన్ని బయటికి తీసుకోవడం మొదటి పని. కింద ఇచ్చిన క్రమంలోనే వెళ్లండి. సమస్య ఎక్కడ తేలితే అక్కడ ఆగండి.

## 1. ముందుగా: నొక్కకూడనివి

డ్రైవు పెట్టగానే విండోస్ కొన్ని పెట్టెలు చూపిస్తుంది. అవి సాయం చేస్తున్నట్టే ఉంటాయి. డేటా కావాలనుకుంటే అన్నింటికీ క్యాన్సిల్ నొక్కాలి.

- "డ్రైవు వాడాలంటే ఫార్మాట్ చేయాలి" అంటే: క్యాన్సిల్.
- "ఇనిషియలైజ్ డిస్క్" అని ఎంబీఆర్, జీపీటీ రెండింటిలో ఒకటి ఎంచుకోమంటే: క్యాన్సిల్.
- "స్కాన్ అండ్ ఫిక్స్" అంటే: ఇప్పుడే వద్దు. ఎందుకో 8వ భాగంలో చెప్తాను.
- మ్యాక్‌లో "ఈ డిస్క్ చదవలేకపోతున్నాం" అని మూడు బటన్లు వస్తే: ఇనిషియలైజ్ కాదు, ఇగ్నోర్ లేదా ఇజెక్ట్.
- "టీవీలో వస్తుందేమో చూద్దాం" అని స్మార్ట్ టీవీకి పెట్టకండి. రికార్డింగ్ సౌకర్యం ఉన్న టీవీలు డ్రైవును తమకు తగ్గట్టు ఫార్మాట్ చేయమంటాయి. రిమోట్‌తో ఓకే నొక్కితే అంతే.

ఇంట్లో మిగతావాళ్లకు కూడా ఈ మాట చెప్పి ఉంచండి. మీరు లేనప్పుడు ఎవరో ఒకరు పెట్టి చూస్తారు.

## 2. చెవి పెట్టి వినండి

డ్రైవును బల్ల మీద బల్లపరుపుగా ఉంచి, కేబుల్ పెట్టి, పైన అరచెయ్యి ఆనించండి. లోపల తిరిగే డిస్కు ఉన్న డ్రైవైతే సన్నటి గుయ్‌మనే చప్పుడు, కొద్దిపాటి అదురు తెలియాలి. ఎస్ఎస్‌డీకి, అంటే లోపల తిరిగే భాగాలు లేని డ్రైవుకి, చప్పుడు ఉండదు, దానికి లైటు ఒక్కటే ఆనవాలు.

టక్, టక్, టక్ అని ఒకే లయలో కొడుతుంటే: చాలావరకు లోపలి హెడ్ (డిస్కు మీది డేటాను చదివే భాగం) దెబ్బతిన్న గుర్తు. వెంటనే తీసేయండి. మళ్లీ మళ్లీ పెట్టి వింటే హెడ్ డిస్కు మీద గీతలు పెట్టొచ్చు. ఆ గీతల కింద ఉన్న డేటాను ఏ డేటా రికవరీ ల్యాబూ తేలేదు. నేరుగా 9వ భాగానికి వెళ్లండి.

సన్నగా బీప్ బీప్ అంటుంటే: మోటారు తిరగడానికి ప్రయత్నించి ఆగిపోతోంది. పవర్ చాలకపోవచ్చు, హెడ్ డిస్కుకి అతుక్కుపోయి ఉండొచ్చు. 3వ భాగంలో చెప్పినట్టు కేబుల్, పోర్టు మార్చి ఒక్కసారి చూడండి. అప్పటికీ బీప్ అంటే ఆపేయండి.

లైటు లేదు, చప్పుడు లేదు: భయపడాల్సిన పనిలేదు. కేబుల్ లేదా డబ్బాలోని (డ్రైవు బయటి కేసులోని) చిన్న బోర్డు పోయి ఉండే అవకాశం ఎక్కువ.

మామూలుగా తిరుగుతోంది, ల్యాప్‌టాప్‌లో రావట్లేదు: ఇంట్లోనే తేలే అవకాశం బాగా ఉంది.

డ్రైవు కింద పడిందని తెలిస్తే మాత్రం "పనిచేస్తుందో లేదో" అని పెట్టి చూడకండి. పడినప్పుడు తట్టుకున్న డిస్కు, ఆ తర్వాత తిరిగినప్పుడు పాడవొచ్చు.

ఇంకొకటి, మన ఎండలు. పోర్టబుల్ డ్రైవుల్లో కొన్నింటికి కంపెనీ ఇచ్చే పని ఉష్ణోగ్రత హద్దు 35 డిగ్రీలే. మే నెలలో ఇక్కడ బయటే 40 దాటుతుంది, నిలిపి ఉంచిన కారులో, స్కూటర్ డిక్కీలో చెప్పక్కర్లేదు. అలా వేడెక్కిన డ్రైవును నీడలో అరగంట పైనే ఉంచి, చల్లబడ్డాక పెట్టండి.

## 3. కేబుల్, పోర్టు, పవర్

ఇక్కడ తొందరపడకండి. చాలా డ్రైవులు ఈ దశలోనే బాగుపడతాయి.

కేబుల్. పాత పోర్టబుల్ డ్రైవులకు వచ్చే వెడల్పాటి, రెండు ముక్కలు పక్కపక్కన ఉన్నట్టుండే పిన్ను పేరు మైక్రో బీ. అది త్వరగా వదులైపోతుంది. పెట్టాక మెల్లగా కదిపితే లైటు ఆరి వెలుగుతోందా చూడండి. అలా ఐతే కేబుల్ మార్చాలి. డ్రైవు వైపు సాకెట్టే వదులైతే మాత్రం వంచి పట్టుకుని కాపీ చేయకండి, మధ్యలో తెగితే ఫైళ్ల పట్టిక చెడుతుంది.

టైప్ సీ డ్రైవులకు ఇంకో తంటా. ఫోన్ ఛార్జింగ్‌కి కొన్న కేబుళ్లలో కొన్నింటిలో డేటా తీగలే ఉండవు. లైటు వెలుగుతుంది, డ్రైవు కనపడదు. డ్రైవుతో వచ్చిన కేబుల్‌తోనే చూడండి. అది లేకపోతే డేటా పంపుతుందని తెలిసిన కేబుల్ వాడండి.

పోర్టు. హబ్, డాక్, ఎక్స్‌టెన్షన్ అన్నీ తీసేసి నేరుగా ల్యాప్‌టాప్‌కే పెట్టండి. యూఎస్‌బీ 2.0 పోర్టు 500 మిల్లీఆంపియర్ల వరకే ఇవ్వాలన్నది ప్రమాణం, 3.0 పోర్టు 900 వరకు ఇస్తుంది. తిరిగే డిస్కుకి మొదలయ్యేటప్పుడే ఎక్కువ పవర్ కావాలి. కాబట్టి లోపల నీలం రంగు లేదా పక్కన "ఎస్ఎస్" గుర్తు ఉన్న పోర్టు ఎంచుకోండి, ల్యాప్‌టాప్‌కి ఛార్జర్ పెట్టి ఉంచండి. రెండు వైపుల పోర్టులూ చూడండి. మౌస్ పనిచేసిన పోర్టు డ్రైవుకీ సరిపోతుందని అనుకోవద్దు, మౌస్‌కి కావాల్సిన పవర్ చాలా తక్కువ.

అడాప్టర్. బల్ల మీద పెట్టుకునే పెద్ద 3.5 అంగుళాల డ్రైవుకి 12 వోల్టుల అడాప్టర్ ఉంటుంది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా దెబ్బ తినేది ఇదే. మార్చేటప్పుడు మూడు చూడాలి: వోల్టులు అవే ఉండాలి, ఆంపియర్లు అంతే లేదా ఎక్కువ ఉండాలి, పిన్ను మీద ప్లస్ మైనస్ గుర్తు అలాగే ఉండాలి. 19 వోల్టుల ల్యాప్‌టాప్ ఛార్జర్ పిన్ను కొన్నిసార్లు ఇందులో సరిగ్గా పడుతుంది. పడింది కదా అని పెడితే బోర్డు కాలిపోతుంది.

రెండో ల్యాప్‌టాప్. కేబుల్ మార్చాక కూడా రాకపోతే ఇంకో ల్యాప్‌టాప్‌కి పెట్టండి. అక్కడ వస్తే డ్రైవు బాగుంది, మీ ల్యాప్‌టాప్ సంగతే చూడాలి. పనిలో పనిగా అక్కడే డేటా కాపీ చేసేసుకోండి, తర్వాతి దశలు నిదానంగా చూడొచ్చు.

కేబుల్ కోసం సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి, అంటే మనమంతా సీటీసీ అనే చోటికి వెళ్తే దొరుకుతుంది. డ్రైవు తీసుకెళ్లి కౌంటర్ దగ్గరే పెట్టి చూడమనండి. ముందే ఒక మాట చెప్పండి: "అన్నా, ఇందులో డేటా ఉంది. ఫార్మాట్ అని వస్తే నొక్కొద్దు." పొడవు కేబుల్ అడగకండి. అర మీటరు లోపుది చాలు, తీగ పొట్టిదైతే వోల్టేజీ అంతగా పడిపోదు.

## 4. అది ఆఫీసు ల్యాప్‌టాపా?

మన ఊళ్లో ఈ ప్రశ్న తప్పకుండా అడగాలి. హైటెక్ సిటీ, గచ్చిబౌలి ఐటీ కంపెనీలు ఇచ్చే ల్యాప్‌టాప్‌లలో చాలావాటిలో యూఎస్‌బీ స్టోరేజీని కంపెనీయే ఆపేసి ఉంచుతుంది. మౌస్, హెడ్‌సెట్ పనిచేస్తాయి, హార్డ్ డిస్క్ మాత్రం రాదు. అది లోపం కాదు, నిబంధన. సెట్టింగులు తిప్పి దాటవేయాలని చూడకండి, ఉద్యోగానికే ఇబ్బంది.

ఇంకో సంగతి. కొన్ని ఆఫీసు ల్యాప్‌టాప్‌లు డ్రైవు పెట్టగానే "ఇందులో రాయాలంటే బిట్‌లాకర్‌తో ఎన్‌క్రిప్ట్ చేయండి" అంటాయి. బిట్‌లాకర్ అంటే డ్రైవుకి పాస్‌వర్డ్ తాళం వేసే విండోస్ సౌకర్యం. ఇంటి డ్రైవుకి అది ఒప్పుకుంటే, తర్వాత ఇంట్లోవాళ్ల ల్యాప్‌టాప్‌లో పాస్‌వర్డ్ లేకుండా తెరుచుకోదు. ఇంటి డ్రైవును ఇంటి ల్యాప్‌టాప్‌తోనే పరీక్షించండి.

## 5. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఏం కనిపిస్తోంది?

డ్రైవు తీసేసి, స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. కింది సగంలో ఎన్ని వరుసలున్నాయో చూసుకోండి. ఇప్పుడు డ్రైవు పెట్టండి. కొత్తగా వచ్చిన వరుస మీ డ్రైవుది. ఇలా చేస్తే పొరపాటున ల్యాప్‌టాప్ సొంత డిస్కు మీద చెయ్యి పడదు.

మొదట సైజు చూడండి. 1 టీబీ డ్రైవు 931 జీబీగా, 2 టీబీ డ్రైవు 1863 జీబీగా కనిపిస్తుంది. కంపెనీలు వెయ్యితో లెక్కిస్తాయి, విండోస్ 1024తో లెక్కిస్తుంది, తేడా అదే. సైజు సరిగ్గా ఉందంటే డిస్కు లోపలి నుంచి జవాబిస్తోందని అర్థం. నా దృష్టిలో ఇంతకన్నా మంచి వార్త ఈ దశలో లేదు.

అ) నీలం పట్టీ ఉంది, సైజు సరి, డ్రైవ్ అక్షరం లేదు. పట్టీ మీద రైట్ క్లిక్, "చేంజ్ డ్రైవ్ లెటర్ అండ్ పాత్స్", "యాడ్", ఏదైనా ఖాళీ అక్షరం, ఓకే. అంతే, ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వచ్చేస్తుంది.

ఆ) ఎడమ పక్క "ఆఫ్‌లైన్" అని ఉంది. ఆ మాట మీద రైట్ క్లిక్ చేసి "ఆన్‌లైన్" నొక్కండి. డేటాకి ఏమీ కాదు.

ఇ) బిట్‌లాకర్ అని, లేదా తాళం గుర్తు ఉంది. పాస్‌వర్డ్ అడుగుతుంది. మరిచిపోతే 48 అంకెల రికవరీ కీ కావాలి. లాక్ పెట్టిన రోజు దాన్ని మైక్రోసాఫ్ట్ ఖాతాలో దాచారేమో, ప్రింట్ తీశారేమో వెతకండి. అది లేకుండా తీసిస్తామనే షాపుని నమ్మొద్దు.

ఈ) "రా" (RAW) అని ఉంది, లేదా ఫైల్ సిస్టమ్ పేరే లేదు. ముందు గుర్తు చేసుకోండి: ఈ డ్రైవు మ్యాక్‌లో వాడిందా? వీడియో ఎడిట్ చేసిన స్టూడియో ఇచ్చిందా? మ్యాక్ పద్ధతిలో ఫార్మాటైన డ్రైవును విండోస్ చదవలేక ఫార్మాట్ చేయమంటుంది. డ్రైవు నిక్షేపంగా ఉంటుంది, ఇంకో మ్యాక్‌కి పెడితే తెరుచుకుంటుంది. అలా కాకపోతే ఫైల్ సిస్టమ్ చెడింది. పుస్తకంలో విషయసూచిక చిరిగిపోయినట్టు, పేజీలు లోపలే ఉంటాయి. 8వ భాగం చూడండి.

ఉ) నల్ల పట్టీ, "అన్‌అలొకేటెడ్". పార్టిషన్ వివరాలు, అంటే డిస్కులో ఏ భాగం ఎక్కడుందో చెప్పే లెక్క, పోయాయి. "న్యూ సింపుల్ వాల్యూమ్" నొక్కొద్దు. ఇదీ 8వ భాగమే.

ఊ) "నాట్ ఇనిషియలైజ్డ్", సైజు సున్నా లేదా అసలు లేదు. డబ్బాలోని బోర్డు మాట్లాడుతోంది, డిస్కు మాట్లాడట్లేదు. పవర్, కేబుల్ ఇంకోసారి చూసి, మారకపోతే 9వ భాగం.

డ్రైవు పెట్టగానే ఈ కిటికీయే తెరుచుకోకుండా నిలిచిపోతే, లేదా ఫైల్ ఎక్స్‌ప్లోరర్ మొత్తం స్తంభిస్తే, డిస్కులో చదవలేని చోట్లు ఉండొచ్చు. "రాత్రంతా వదిలేస్తే తెరుచుకుంటుందిలే" అనుకోకండి. ఆ రాత్రంతా అది పాడైన చోటే చదవబోయి ఇంకా పాడవుతుంది.

## 6. వరుసే రాకపోతే: డివైస్ మేనేజర్

స్టార్ట్ మీద రైట్ క్లిక్, డివైస్ మేనేజర్. "డిస్క్ డ్రైవ్స్", "యూనివర్సల్ సీరియల్ బస్ కంట్రోలర్స్" రెండూ తెరవండి. పసుపు గుర్తు ఉందా చూడండి.

1. పసుపు గుర్తున్న దాని మీద రైట్ క్లిక్, "అన్‌ఇన్‌స్టాల్ డివైస్".
2. డ్రైవు తీసేయండి.
3. ల్యాప్‌టాప్‌ని రీస్టార్ట్ చేయండి. షట్‌డౌన్ సరిపోదు, ఫాస్ట్ స్టార్టప్ ఉన్న విండోస్ షట్‌డౌన్‌లో పూర్తిగా ఆగదు.
4. డ్రైవు పెట్టి ఒక నిమిషం ఆగండి.

కాసేపు కనిపించి మాయమవుతుంటే: "యూఎస్‌బీ రూట్ హబ్" ప్రాపర్టీస్‌లో పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్ ఉంటే, పవర్ ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపొచ్చన్న టిక్ తీసేయండి.

"అన్‌నోన్ యూఎస్‌బీ డివైస్", కోడ్ 43 అని వస్తే చాలాసార్లు తప్పు కేబుల్‌దో డబ్బాలోని బోర్డుదో అయి ఉంటుంది. డ్రైవర్లు (పరికరాలను నడిపే సాఫ్ట్‌వేర్) కావాలంటే ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచే తెచ్చుకోండి. ఒక్క క్లిక్కుతో డ్రైవర్లన్నీ బాగుచేస్తామనే సాఫ్ట్‌వేర్ల జోలికి వెళ్లొద్దు.

## 7. మ్యాక్ వాడేవాళ్లకు

ఫైండర్ సెట్టింగ్స్‌లో ఎక్స్‌టర్నల్ డిస్క్‌లకు టిక్ ఉందా చూడండి. ఎం సిరీస్ చిప్ ఉన్న మ్యాక్‌బుక్‌లలో మ్యాక్‌ఓఎస్ వెంచురా వెర్షన్ నుంచి కొత్త పరికరం పెట్టగానే "అలౌ" అడుగుతుంది, అది నొక్కకపోతే డ్రైవు రాదు. తర్వాత డిస్క్ యుటిలిటీలో వ్యూ మెనూలో "షో ఆల్ డివైసెస్" పెట్టి, బూడిద రంగులో పేరు ఉంటే "మౌంట్" నొక్కండి.

ఎక్స్‌ఫ్యాట్ (విండోస్, మ్యాక్ రెండింటిలో పనిచేసే ఫార్మాట్) డ్రైవును ఇజెక్ట్ చేయకుండా లాగేస్తే, మళ్లీ పెట్టినప్పుడు మ్యాక్ వెనకాల దాన్ని తనిఖీ చేస్తూ ఉంటుంది. పెద్ద డ్రైవుకి చాలాసేపు పట్టొచ్చు. చప్పుడు మామూలుగా ఉండి లైటు మిణుకుతుంటే కాస్త ఓపిక పట్టండి. విండోస్ సొంత ఫార్మాట్ ఎన్‌టీఎఫ్ఎస్‌లో ఉన్న డ్రైవైతే మ్యాక్ చదువుతుంది కానీ రాయనివ్వదు. అది లోపం కాదు.

## 8. డ్రైవు కనిపిస్తోంది, ఫైళ్లు రావట్లేదు: డేటా తీయడం

ముందు సిద్ధం చేసుకోవాల్సినవి:

- పాత డ్రైవంత ఖాళీ ఉన్న ఇంకో డ్రైవు. తీసిన ఫైళ్లను అదే డ్రైవులో ఎప్పుడూ దాచకూడదు.
- ఛార్జర్ పెట్టిన ల్యాప్‌టాప్, స్లీప్ ఆపేసి.
- క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్.

క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో తెరిస్తే డ్రైవు ఆరోగ్యం గుడ్, కాషన్, బ్యాడ్ అని చూపిస్తుంది. 05, సీ5, సీ6 అనే వరుసల్లో చివర ఉన్న అంకెలు (రా వాల్యూస్) చూడండి. అన్నీ సున్నాలైతే ధైర్యంగా ముందుకెళ్లొచ్చు. సీ5లో అంకె ఉందంటే చదవలేని చోట్లు ఉన్నాయి.

గుడ్ అయితే: పోయిన పార్టిషన్లను వెతికే టెస్ట్‌డిస్క్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. అందులో పార్టిషన్ వెతికాక ఫైళ్ల జాబితా చూపే చోటికి వెళ్లి, అక్కడి నుంచే రెండో డ్రైవులోకి కాపీ చేసుకోండి. పార్టిషన్ పట్టికను తిరిగి రాసే "రైట్" మాత్రం కాపీ అయ్యేదాకా ముట్టుకోవద్దు. టెస్ట్‌డిస్క్ నల్ల తెర భయపెడితే డీఎండీఈ, ఆర్-స్టూడియో లాంటి సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. డబ్బు కట్టకముందే ఏ ఫైళ్లు దొరుకుతాయో చూపిస్తాయి. ఫొటోరెక్ అనే సాఫ్ట్‌వేర్ చివరి దారి: ఫైళ్లు వస్తాయి, పేర్లూ ఫోల్డర్లూ రావు.

కాపీ అయ్యాక ఫైళ్ల సంఖ్య చూసి తృప్తి పడకండి. నాలుగైదు పెద్ద వీడియోలు తెరిచి మధ్యలోకి, చివరికి జరిపి చూడండి. సైజు సరిగ్గా ఉండి లోపల ఖాళీగా ఉండే ఫైళ్లు వస్తుంటాయి.

కాషన్ లేదా బ్యాడ్ అయితే: ఫైళ్ల కోసం వెతకడం ఆపి, ముందు డిస్కు మొత్తానికి నకలు తీయాలి. లినక్స్‌లో పనిచేసే జీఎన్‌యూ డీడీరెస్క్యూ బాగున్న చోట్లన్నీ ముందు చదివి, పాడైన చోట్లను చివరికి వదిలేస్తుంది. ఆ తర్వాత రికవరీ అంతా నకలు మీదే. లినక్స్ అలవాటు లేకపోతే ఈ డ్రైవు మీద నేర్చుకోవద్దు, తెలిసినవాళ్ల చేత చేయించండి.

ఇప్పుడు "స్కాన్ అండ్ ఫిక్స్" సంగతి. విండోస్ ఎర్రర్ చెకింగ్ ఫైల్ సిస్టమ్ తెరుచుకునేలా చేస్తుంది, మీ ఫైళ్లను కాపాడటం దాని పని కాదు. అర్థం కాని ఎంట్రీలను కత్తిరించేస్తుంది, ముక్కలను వేరే పేర్లతో పడేస్తుంది. పాడవుతున్న డిస్కు మీద అదనపు భారం కూడా. డేటా చేతికొచ్చాకే దాన్ని వాడండి.

## 9. షాపుకి, ల్యాబ్‌కి ఇచ్చేటప్పుడు

మూత విప్పడం, ఫ్రీజర్‌లో పెట్టడం, అరచేత్తో తట్టడం, ఏదీ చేయకండి. హెడ్‌కి, డిస్కుకి మధ్య ఉండే ఖాళీ నానోమీటర్లలో ఉంటుంది, మన గాల్లోని దుమ్ము కణం దానికన్నా చాలా పెద్దది. ఫ్రీజర్ నుంచి తీస్తే లోపల చెమ్మ పడుతుంది.

"లోపలి డిస్కు తీసి వేరే డబ్బాలో వేస్తే వస్తుంది" అని చాలాచోట్ల చెప్తారు. కొన్ని డ్రైవులకు నిజమే. కానీ డబ్ల్యూడీ మై పాస్‌పోర్ట్ లాంటి చాలా పోర్టబుల్ డ్రైవుల్లో యూఎస్‌బీ సాకెట్ నేరుగా డిస్కు బోర్డు మీదే ఉంటుంది, వేరే డబ్బాలో పెట్టడానికి లోపల సాటా పిన్నే (డిస్కును డబ్బా బోర్డుకి కలిపే పిన్ను) ఉండదు. కొన్నింటిలో బోర్డే డేటాను ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, అందుకని ఆ పాత బోర్డును పారేయనివ్వకండి.

ఇచ్చే ముందు అడగాల్సినవి:

- డ్రైవు మీది సీరియల్ నంబర్‌తో రసీదు రాసిస్తారా?
- డ్రైవు విప్పాల్సి వస్తే ముందు ఫోన్ చేసి అడుగుతారా?
- క్లీన్ రూమ్ (డ్రైవు విప్పడానికి దుమ్ము లేకుండా ఉంచే గది) మీదేనా, వేరే ఊరికి పంపుతారా?
- డేటా రాకపోతే ఎంత తీసుకుంటారు?
- డబ్బు కట్టకముందు దొరికిన ఫైళ్ల జాబితా చూపిస్తారా?
- పని అయ్యాక వాళ్ల దగ్గరున్న నకలు చెరిపేస్తారా?

వారంటీలో ఉందని ముందే సర్వీస్ సెంటర్‌కి ఇచ్చేయకండి. వాళ్లు ఇచ్చేది వేరే డ్రైవు, పాతది తిరిగి రాదు. సీగేట్ మాత్రం కొన్ని మోడళ్లతో రెస్క్యూ పేరుతో డేటా రికవరీ సేవ కూడా ఇస్తుంది, మీ డ్రైవు వచ్చిన అట్టపెట్టె మీద ఆ మాట ఉందేమో చూడండి.

తీసుకెళ్లేటప్పుడు మెత్తటి గుడ్డలో చుట్టి, బ్యాగులో నిలకడగా ఉండేలా పెట్టుకోండి. గుంతల రోడ్ల మీద డిక్కీలో వద్దు. సీటీసీకి ఐతే ప్యారడైజ్ మెట్రో స్టేషన్‌లో దిగితే నడక దూరమే.

## 10. డేటా వచ్చాక పాత డ్రైవుని ఏం చేయాలి?

టక్ టక్ మన్నది, సీ5లో అంకె పెరుగుతున్నది: ఇక వాడొద్దు. ఫార్మాట్ చేస్తే కొన్నాళ్లు బాగున్నట్టే ఉంటుంది, మళ్లీ అదే జరుగుతుంది.

ఫైల్ సిస్టమ్ మాత్రమే చెడి, ఆరోగ్యం గుడ్ అని ఉంటే ఫార్మాట్ చేసి వాడుకోవచ్చు. "క్విక్ ఫార్మాట్" టిక్ తీసేసి పూర్తి ఫార్మాట్ చేయండి. గంటలు పడుతుంది కానీ డిస్కు అంతా పరీక్షించినట్టు అవుతుంది. విండోస్ ఒక్కటే ఐతే ఎన్‌టీఎఫ్ఎస్, మ్యాక్ కూడా ఉంటే ఎక్స్‌ఫ్యాట్. అయ్యాక క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో అంకెలు మళ్లీ చూడండి. ఇలా తిరిగొచ్చిన డ్రైవులో రెండో కాపీ పెట్టుకోండి, ఒకే ఒక్క కాపీ మాత్రం పెట్టొద్దు.

తీసేటప్పుడు ప్రతిసారీ ఇజెక్ట్ చేయాలి. "డ్రైవు వాడకంలో ఉంది" అని విండోస్ ఒప్పుకోకపోతే, తెరిచి ఉన్న ఫైళ్లు మూసి మళ్లీ చూడండి. అప్పటికీ వినకపోతే ల్యాప్‌టాప్‌ని షట్‌డౌన్ చేసి, డ్రైవు లైటు ఆరి లోపలి చప్పుడు ఆగాక కేబుల్ తీయండి.